గ్రూపు ఎవరు రాస్తున్నారు?

మన వాడల్లో పైచదువు మాట పదోతరగతి ఫలితాలొచ్చాకే మొదలవుతుంది. అప్పటికే ఆలస్యం. లెక్కలంటే భయపడ్డ పిల్లని ఇంటర్లో సీఈసీలో చేరుస్తారు. ఆ చదువు తక్కువదని కాదు, దాంతో ఇంజనీరింగు, మెడిసిన్ రెండూ పోతాయని చేరేరోజు ఎవరూ చెప్పరు. నేనూ అట్లా చేరినవాణ్ణే. మా నాయనకు సంతకం రాదు. ఫారం మీద గ్రూపు రాసింది కాలేజీ గుమాస్తా. నా క్లాసులోని టీచర్ల పిల్లలకి మాత్రం ఎనిమిదిలోనే దారి తెలుసు.

కనుక ఎనిమిదిలోనే మొదలుపెట్టాలి. ఆ ఏడే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష ఉంటుంది. నెగ్గిన సర్కారు బడి పిల్లలకు తొమ్మిది నుంచి ఇంటరు దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. ఏడులో 50 శాతం మార్కులున్న ఎస్సీ పిల్లలు రాయొచ్చు (గురుకులాల వాళ్లకు లేదు). పదిలో పాలిసెట్ ఉంది, అందులో ఎక్కువ ప్రశ్నలు లెక్కలవే. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో ఏడులో చేరొచ్చు. లెక్కల భయం తొమ్మిదిలో పోగొట్టకపోతే ఈ దారీ మూసుకున్నట్టే. వాడలో రాత్రిబడి నడిపే మిత్రులు ముందు ఈ పని చూడాలి.

ఇంకొకటి. పదోతరగతి నామినల్ రోల్స్ పంపేముందు పేరు, పుట్టినతేదీ హెడ్మాస్టరు దగ్గర కూర్చుని సరిచూసుకోండి.