కారుకు పడిన సొట్ట

కొత్త కారుకు మొదటి సొట్ట పడిననాడు యింట్లో యెవరికీ అన్నం సహించదు. కొత్త అల్లుడు అలిగి వెళ్ళినా అంత నిశ్శబ్దం వుండదేమో! మొన్న ఆషాఢమాసంలో మా యింట జరిగిన సంగతి యిది. సొట్ట చిన్నదే, అరచేయంత. యెడమవైపు వెనుక తలుపుమీద పడింది. అయితే అది పడిన తరువాత మేము చేసిన పనులే దాన్ని పెద్దది చేశాయి. మరొక యింట అలా జరగకూడదని యీ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను.

మా అబ్బాయికి పందొమ్మిదేళ్ళు. లైసెన్సు చేతికి వచ్చి మూడు నెలలు. వాళ్ళవ్వను కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళి తిరిగి వస్తూ, మా గేటు స్తంభానికే కారు తగిలించాడు. ఆ మాట నాకు చెప్పలేదు. సొట్ట గోడవైపు వుండేట్లు కారు నిలిపి వూరుకున్నాడు. కారులో వున్న వాళ్ళవ్వ కూడా నోరు మెదపలేదు. యెనిమిదో రోజున నాకు తెలిసింది. తెలుగు పాఠాలు చెప్పుకునే వాణ్ణి గదా, భాషలో వున్న కఠినమైన మాటలన్నీ ఆ సాయంత్రం వాడేశాను. మరునాటి నుంచీ వాడు నాతో మాట్లాడటం మానేశాడు.

ఆ కోపంలోనే, మరమ్మతు నేనే చేస్తానని బయలుదేరాను. మరిగే నీళ్ళు పోస్తే సొట్ట దానంతట అదే పైకి వస్తుందని ఫోనులో యెవరో చూపించారు. రెండు బిందెల నీళ్ళు కాచి పోశాను. తలుపు శుభ్రపడింది గాని సొట్ట కదలలేదు. ఆ చిట్కా ప్లాస్టిక్ బంపరుకు చెల్లుతుంది. ప్లాస్టిక్కు ఆ వేడికే మెత్తబడుతుంది. ఉక్కు రేకు మెత్తబడాలంటే యెర్రగా కాలాలి. మరిగే నీళ్ళ వేడి నూరు డిగ్రీలే! అంతటితో ఆగితే బాగుండేది. తలుపు లోపలి అట్ట వూడదీసి, కొయ్యసుత్తితో లోపలినుంచి సొట్ట నడిమధ్యన రెండు పెట్లు పెట్టాను. మధ్యలో బొప్పి లేచింది. బయట రంగు పెచ్చులుగా చిట్లింది.

యిక టింకరింగు షెడ్డుకు పోక తప్పలేదు. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మా అనంతపురం పక్కగా సాగుతుంది. ఆ దారినే దక్షిణంగా పోతే పెనుకొండ దగ్గర యెర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వస్తుంది. 2019లో కార్ల తయారీ మొదలైంది. యేడాదికి మూడు లక్షల కార్లు తయారుచేసే శక్తితో కట్టారు దాన్ని. 2022 నుంచి ఆ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలో వుంది. అటువంటి ఫ్యాక్టరీలో పెద్ద ప్రెస్సు ఒక్క అదుముతో చదును రేకును తలుపు ఆకారంలోకి తెస్తుంది. ఆ ఆకారం చెడితే తిరిగి తెచ్చేది మాత్రం రోడ్డు పక్క షెడ్డులో ఒక మనిషి చెయ్యి.

అబ్బాయిని వెంట రమ్మన్నాను. మాట్లాడకుండానే వచ్చాడు. మేస్త్రీకి అరవై యేళ్ళుంటాయి. సొట్టను చూడలేదు, తడిమాడు. పలుచని గుడ్డ మీదుగా అరచేతిని మెల్లగా జరిపి, తలెత్తి నా వంక చూశాడు.

“దీనికి రెండు దెబ్బలు తగిలినాయి సార్. ఒకటి బయటినుంచి, ఒకటి లోపల్నుంచి. మొదటిది రేకును వంచింది, అంతే. రెండోది సాగదీసింది. రెండో దెబ్బ ఎవరిది?”

అబ్బాయి నేల చూస్తున్నాడు. “నాదే మేస్త్రీ” అన్నాను.

“ఆత్రపడినారు సార్. ముందే తెచ్చింటే రంగు జోలికి పోకుండా, పొడుగు కడ్డీలతో లోపల్నుంచి మెల్లగా నొక్కి తీసేవాణ్ణి.”

యిందులో కిటుకు యేమిటో ఆయన పని చేస్తుండగా తెలిసింది. కారు పైరేకు మందం ఒక మిల్లీమీటరు కూడా వుండదు. దెబ్బ తగిలినప్పుడు మధ్యలో గుంట పడి, దాని చుట్టూ గట్టు లేస్తుంది. మనకు గుంటే కనిపిస్తుంది. దాన్ని పట్టి వుంచేది మాత్రం ఆ గట్టు. అందుచేత మేస్త్రీ గుంటను ముందు ముట్టడు. చేతిలో ఇమిడే ఉక్కుదిమ్మను గుంట వెనుక ఆనించి పట్టుకుని, బయట గట్టుమీద సుత్తితో చిన్నచిన్నగా తడతాడు. షెడ్లలో ఆ దిమ్మను డాలీ అంటారు. గట్టు అణిగినకొద్దీ గుంట తానే పైకి వస్తుంది. దెబ్బ పడిన వరుసకు యెదురువరుసలో విప్పుకుంటూ రావాలన్నమాట. నడిమధ్యన బాదితే రేకు సాగి పలుచబడుతుంది. సాగిన రేకుకు వున్న చోటు చాలదు గనుక బొప్పి కడుతుంది.

ఆ బొప్పిని సుత్తితో అణచలేరు. పావలా కాసంత మేర మంటతో యెర్రగా కాల్చి, చుట్టూ తట్టి, వెంటనే తడిగుడ్డ అదిమాడు. చల్లారుతూ రేకు ముడుచుకున్నది. తరువాత ఆకురాయి పట్టించాడు. మెరిసినచోటు మిట్ట, మెరవనిచోటు పల్లం. మిగిలిన కొద్దిపాటి పల్లానికే లప్పం పూశాడు. పని రానివాళ్ళు సొట్టంతా లప్పంతోనే పూడుస్తారట. మందంగా పెట్టిన లప్పం కొన్నాళ్ళకు బీటలిచ్చి, లోపల తుప్పు పట్టి, పెళ్ళలుగా వూడుతుంది.

“ఈ విద్య ఎక్కడ నేర్చినావు మేస్త్రీ?” అని అడిగాను.

“మా నాయన వీధులెంట తిరిగి కళాయి పూసేవాడు సార్. బిందెల సొట్టలు తీసేవాడు. కరువొచ్చిన యేడు మాకు పని ఎక్కువుండేది. కొళాయికాడ తోపులాటలో బిందెలన్నీ సొట్టలే గదా! ప్లాస్టిక్కు బిందెలొచ్చినాక బోణీ లేక, నన్ను లారీ షెడ్డులో పెట్టినాడు.”

సాలుకు సగటున యాభై అయిదు సెంటీమీటర్ల వాన మాత్రమే పడే సీమ మాది. నీళ్ళకోసం కొట్లాడుకున్న బిందెల సొట్టలు తీసిన చెయ్యి, యీనాడు కార్ల సొట్టలు తీస్తున్నది!

రంగు వేయటానికి మరునాడు తెల్లవారకముందే రమ్మన్నాడు. ఆషాఢపు గాలి లేస్తే దుమ్మంతా తడిరంగుకే అంటుకుంటుంది. రెండు బిందెల నీళ్ళు నేలమీద చల్లి, దుమ్ము అణచి, అప్పుడు రంగు కొట్టాడు. డాలీ పట్టుకునే పని ముందురోజే మా అబ్బాయి చేతికి వచ్చింది. యిప్పుడు నీళ్ళు చల్లే పనీ వాడిదే అయింది.

బీమా వుంది గదా అంటారేమో. చిన్న సొట్టకు బీమా అడిగేముందు లెక్క వేసుకోవటం మంచిది. క్లెయిము లేకుండా గడిస్తే, సొంత కారు నష్టానికి కట్టే ప్రీమియంలో మొదటి యేడాదికి 20 శాతం, వరసగా అయిదేళ్ళు గడిస్తే 50 శాతం తగ్గింపు వస్తుంది. ఒక్క క్లెయిముతో ఆ తగ్గింపు మామూలుగా పోతుంది. పైగా 1500 సి.సి. లోపు కారుకు మొదటి వెయ్యి రూపాయలు మనమే భరించాలి. కూలి ఆ తగ్గింపుకన్న తక్కువైతే చేతి డబ్బుతో పని కానిచ్చుకోవటమే మేలు. ఆలస్యం మాత్రం చేయకండి. రంగు చిట్లినచోట తుప్పు మన లెక్కలు తేలేదాకా ఆగదు.

యింటికి వచ్చేటప్పుడు తాళంచెవి అబ్బాయికి ఇచ్చాను. వాడు నా మొహంలోకి ఒకసారి చూసి తీసుకున్నాడు. గేటు దగ్గర నేను దిగి స్తంభం పక్కన నిలబడ్డాను.

“రా, రా, ఇంకా జానెడు చోటుంది” అన్నాను.

“కనిపిస్తాంది నాయనా, నువ్వు పక్కకు జరుగు” అన్నాడు. పది రోజుల తరువాత వాడు నాతో అన్న మొదటి మాట అది.