లైనక్స్ ఉద్యోగం కావాలా? ముందు మెషీన్‌లో ఉన్న మాన్యువల్ చదవడం నేర్చుకోవాలి

సౌదీలో ఉన్న మామూ ఫోన్ చేసి 'లైనక్స్ నేర్చుకో, ఇక్కడ అవకాశాలున్నాయి' అంటారు. ఇంట్లో వాళ్లు అమీర్‌పేటలో కోర్సు వాకబు చేస్తారు. ఎక్కడికి వెళ్లినా వినిపించే పేరు ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ. ఇది రెడ్‌హ్యాట్ కంపెనీ పెట్టే పరీక్ష.

ఈ పరీక్ష మన పిల్లలకు అలవాటైన రకం కాదు. నాలుగు జవాబుల్లో ఒకటి టిక్ పెట్టే పని ఉండదు. నడుస్తున్న మెషీన్ ముందు కూర్చోబెట్టి ఫలానా పని చేసి చూపించమంటారు. చేసిన సెట్టింగ్ మెషీన్‌ను రీబూట్ చేశాక కూడా నిలబడాలి. లోపలికి ఫోన్ రానివ్వరు, ఇంటర్నెట్ ఉండదు, నోట్సు తీసుకెళ్లకూడదు. ఒక్కదానికి మాత్రం అనుమతి ఉంది. సిస్టమ్‌తో పాటే వచ్చే డాక్యుమెంటేషన్‌ను తెరిచి చూసుకోవచ్చు.

వీడియోలు చూసి కమాండ్లు బట్టీ పట్టినవాళ్లకు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. గుర్తురాని కమాండ్‌ను మెషీన్‌లోనే ఎలా వెతుక్కోవాలో వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. ఉద్యోగంలో చేరాక రోజూ చేయాల్సింది మాత్రం అదే.

సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అంటే సర్వర్లు ఆగకుండా చూసుకునే మనిషి. బ్యాకప్‌లు, యూజర్ల ఖాతాలు, డిస్క్‌లో ఖాళీ, నెట్‌వర్క్, అన్నీ ఆయన బాధ్యతే. ఇన్ని సంగతులు ఎవరి తలలోనూ పట్టవు. అందుకే యూనిక్స్‌ను తయారు చేసిన బెల్ ల్యాబ్స్ వాళ్లు మొదట్లోనే మాన్యువల్ రాసుకున్నారు. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రాసిన మొదటి ఎడిషన్ మీద 1971 నవంబర్ 3 అనే తేదీ ఉంది. అందులో ప్రతి కమాండ్ కింద 'బగ్స్' అని ఒక భాగం పెట్టి, తమ ప్రోగ్రామ్‌లో ఉన్న లోపాలు తామే రాశారు. ఆ ప్రోగ్రామ్ ఎవరి బాధ్యతో కూడా అక్కడే ఉండేది. సరుకు అమ్మేవాడు దాని లోపాన్ని డబ్బా మీదే అచ్చు వేసినట్టు!

నేటి లైనక్స్‌లోనూ అదే పద్ధతి నడుస్తోంది. 'మ్యాన్' అని టైప్ చేసి పక్కన కమాండ్ పేరు రాస్తే దాని పేజీ తెరుచుకుంటుంది. పేజీలకు భాగాలున్నాయి. 1లో మామూలు కమాండ్లు, 5లో సెట్టింగ్ ఫైళ్ల రాత పద్ధతి, 8లో అడ్మిన్ కమాండ్లు. ఈ అంకెల సంగతి తెలియకపోతే ఎంత నష్టమో ఒక ఉదాహరణ చూద్దాం.

అనుకున్న వేళకు పనులు వాటంతట అవే జరగడానికి లైనక్స్‌లో 'క్రాన్' ఉంటుంది. నిమిషం, గంట, తేదీ, నెల, వారం అని ఐదు గళ్లు నింపాలి. ఒక కుర్రాడికి ప్రతి నెలా మొదటి ఆదివారం రాత్రి రెండింటికి పూర్తి బ్యాకప్ తీసే పని అప్పగించారనుకోండి. మొదటి ఆదివారం ఎప్పుడూ 1 నుంచి 7 తేదీల లోపే వస్తుంది కదా అని '0 2 1-7 * 0' అని రాస్తాడు. చూడ్డానికి సరిగ్గానే ఉంది. ఎర్రర్ కూడా రాదు.

కానీ తేదీ, వారం రెండూ నింపితే క్రాన్ ఆ రెండూ కలిసే దాకా ఆగదు. రెండింట్లో ఏ ఒక్కటి కుదిరినా పని మొదలెడుతుంది. అంటే 1 నుంచి 7 దాకా రోజూ, ఆ తర్వాత ప్రతి ఆదివారం! నెలకు ఒక్కసారి జరగాల్సిన బ్యాకప్ పది, పదకొండు సార్లు జరుగుతుంది. డిస్క్ నిండుతుంది. ఒక రోజు సర్వర్ ఆగుతుంది. ఇదంతా మాన్యువల్‌లో స్పష్టంగానే రాసి ఉంది. అయితే ఒట్టి 'మ్యాన్ క్రాన్‌ట్యాబ్' అని కొడితే వచ్చేది 1వ భాగం, అందులో ఈ సంగతి ఉండదు. 'మ్యాన్ 5 క్రాన్‌ట్యాబ్' అని అడగాలి.

సరే, గళ్లలో తేదీలు మాత్రమే ఉంచి, ఈ రోజు ఆదివారమా కాదా అన్న తనిఖీని 'డేట్' కమాండ్‌తో పెడదామనుకుంటాడు. చేత్తో నడిపితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. క్రాన్‌లో పెడితే చేయదు. డేట్ కమాండ్‌లో శాతం గుర్తు వస్తుంది, క్రాన్ ఆ గుర్తును కొత్త లైన్‌గా మార్చేస్తుంది. దాని ముందు వెనక్కి వాలిన గీత ఒకటి పెట్టాలి. ఈ మాటా అదే పేజీలో ఉంది. ఆ పేజీ ఒక్కసారి నిదానంగా చదివితే ఒక రాత్రి నిద్ర మిగిలేది.

గూగుల్ చేస్తే జవాబు రాదా? వస్తుంది. అయితే అది ఏ వెర్షన్‌కు రాసిన జవాబో చూసుకోవాలి. ఐపీ అడ్రస్ చూడటానికి పాత పాఠాలన్నీ 'ఇఫ్‌కాన్ఫిగ్' కొట్టమంటాయి. చాలా కొత్త సిస్టమ్‌లలో ఆ కమాండ్ ఇన్‌స్టాల్ చేసి ఉండదు, 'ఐపీ' అనే కమాండ్ వాడాలి. మెషీన్‌లో ఉన్న మాన్యువల్‌తో ఆ పేచీ లేదు. ఏ వెర్షన్ ప్రోగ్రామ్ ఉంటే ఆ వెర్షన్ పేజీయే దానితో పాటు వస్తుంది.

ఇక తప్పంతా నేర్చుకునేవాళ్లదే అనడం అన్యాయం. మ్యాన్ పేజీలు చాలావరకు తెలిసినవాళ్లు తెలిసినవాళ్ల కోసం రాసుకున్నవే. ఆప్షన్లు వరుసగా ఇస్తాయి, ఎక్కడ మొదలెట్టాలో చెప్పవు. కొన్నింటిలో ఒక్క ఉదాహరణ కూడా ఉండదు. గిట్‌హబ్ 2017లో జరిపిన సర్వేలో 93 శాతం మంది డాక్యుమెంటేషన్ అసంపూర్తిగానో పాతబడిపోయో ఉంటోందన్నారు. అదే సర్వేలో, ప్రాజెక్టులకు పనిచేసేవాళ్లలో 60 శాతం మంది తాము డాక్యుమెంటేషన్ జోలికి అరుదుగా పోతామని లేదా అసలు పోమని ఒప్పుకున్నారు. కొత్తవాడు సందేహం అడిగితే 'ముందు మాన్యువల్ చదువు' అని కసిరే పెద్దలు ఈ రంగంలో తక్కువేం లేరు. ఆ మాన్యువల్ బాగుందో లేదో మాత్రం చూడరు.

ఉర్దూ మీడియం, తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లిష్ భయం అదనం. లైనక్స్ డెస్క్‌టాప్ మెనూలను తెలుగులో పెట్టుకోవచ్చు గానీ, మ్యాన్ పేజీలకు మాత్రం ఇంగ్లిష్ కావాల్సిందే. అయితే ఇది పేపర్లో వచ్చే ఇంగ్లిష్ లాంటిది కాదు. పొట్టి వాక్యాలు, ప్రతి పేజీలోనూ తిరిగి తిరిగి వచ్చే అవే మాటలు. 'సినాప్సిస్' భాగంలో చదరపు బ్రాకెట్‌లో ఉన్నది ఇష్టమైతే ఇవ్వొచ్చు, నిలువు గీతకు అటూ ఇటూ ఉన్నవాటిలో ఒకటే ఎంచుకోవాలి, మూడు చుక్కలుంటే మళ్లీ మళ్లీ ఇవ్వొచ్చు. ఈ మూడు గుర్తులు పట్టుబడితే భయం సగం పోతుంది.

ఇంట్లో సాధనకు పాత ల్యాప్‌టాప్ చాలు. రెడ్‌హ్యాట్ పరీక్షకు వెళ్లేవాళ్లు దానికి దగ్గరగా ఉండే ఆల్మాలైనక్స్ గానీ రాకీ లైనక్స్ గానీ ఉచితంగా వేసుకోవచ్చు. వైఫై ఆపేసి, రోజుకు ఒక పని మాన్యువల్ సాయంతోనే పూర్తి చేయాలి. కమాండ్ పేరే గుర్తు రాకపోతే 'మ్యాన్ -కె' పక్కన ఒక మాట ఇస్తే, ఆ మాటతో సంబంధమున్న పేజీలు చూపిస్తుంది. కొత్త మెషీన్‌లో అది ఏమీ దొరకలేదని అంటే కంగారు పడక్కర్లేదు, ముందు 'మ్యాన్‌డీబీ' నడిపి సూచిక తయారు చేసుకోవాలి.

మొదటి నుంచి పాఠంలా చదవాలనుకునేవాళ్లకు 'డెబియన్ అడ్మినిస్ట్రేటర్స్ హ్యాండ్‌బుక్' ఉంది. రఫాయెల్ హెర్జోగ్, రోలాండ్ మాస్ దీన్ని మొదట ఫ్రెంచ్‌లో రాశారు. జనం ఇచ్చిన విరాళాలతో 2012లో ఇంగ్లిష్ ప్రతి అందరికీ ఉచితమైంది. డెబియన్ వాడేవాళ్లు 'డెబియన్-హ్యాండ్‌బుక్' అనే ప్యాకేజీ ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే పుస్తకం మొత్తం మెషీన్‌లోకి వచ్చేస్తుంది. ఆ తర్వాత చదవడానికి డేటా ఖర్చు కూడా ఉండదు.