హెపటైటిస్ బి ఉంటే ఎన్నాళ్లు బతుకుతాం?

రక్త పరీక్షలో హెపటైటిస్ బి ఉందని తెలియగానే చాలామంది మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇదే. కొందరు అడగలేక లోలోపలే కుమిలిపోతారు. అందుకే ఇక్కడ సూటిగా చెబుతున్నాం.

ఈ వ్యాధి ఉన్నవారిలో ఎక్కువమంది ముసలితనం దాకా బతుకుతారు. అయితే చిన్నతనంలోనే వైరస్ సోకి, ఏ వైద్యమూ పొందనివారిలో నూటికి 15 నుంచి 25 మంది సిర్రోసిస్ వల్లనో, కాలేయ క్యాన్సర్ వల్లనో ముందుగానే చనిపోతారు. సిర్రోసిస్ అంటే కాలేయం గట్టిపడిపోవడం. క్రమం తప్పని పరీక్షలతో, మందులతో వీరిలో చాలామందిని కాపాడుకోవచ్చు.

వైరస్ 6 నెలలు దాటి రక్తంలో ఉంటే దానిని దీర్ఘకాలిక వ్యాధి అంటాం. పెద్దయ్యాక సోకితే నూటికి 95 మందికి పైగా దానంతటదే తగ్గిపోతుంది. పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే మాత్రం నూటికి 90 మంది పిల్లల్లో నిలిచిపోతుంది.

బాధ లేదని మానేయకండి

ఏళ్ల తరబడి ఏ బాధా ఉండదు. "బాగానే ఉన్నాం కదా" అని పరీక్షలు మానేస్తారు. కాళ్లు వాచి, పొట్టలో నీరు చేరాక ఆసుపత్రికి వస్తారు. అప్పటికి కాలేయం చాలావరకు పాడైపోయి ఉంటుంది. అందుకే సాధారణంగా 6 నెలలకోసారి డాక్టరుకు చూపించుకోవాలి. లివర్ పరీక్ష, వైరల్ లోడ్, స్కానింగ్ ఎప్పుడెప్పుడు చేయించాలో ఆయన చెబుతారు.

మాత్రలు అందరికీ అవసరం ఉండవు. అవసరమైనవారికి టెనోఫోవిర్, ఎంటెకావిర్ వంటివి ఇస్తారు. ఇవి వైరస్‌ను పూర్తిగా పోగొట్టకపోయినా అణచి ఉంచుతాయి. సొంతంగా ఆపేస్తే వ్యాధి ఒక్కసారిగా తిరగబెట్టి ప్రాణం మీదికి రావచ్చు. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్షలు, మందులు ఉచితం.

సారా, బ్రాందీ, బీరు ఏదైనా పూర్తిగా మానాలి. పసరు మందుల జోలికి పోవద్దు. బూజు పట్టిన వేరుశెనగలు తినవద్దు.

ఇంట్లో వెలివేయకండి

కలిసి భోంచేస్తే, పక్కన కూర్చుంటే, దగ్గితే ఇది అంటదు. కంచం, గ్లాసు వేరు చేయనక్కరలేదు. రక్తం అంటే వస్తువులు, అంటే రేజరు, టూత్‌బ్రష్, సూది మాత్రం వేరుగా ఉంచండి. భార్యాభర్తల మధ్య శారీరక కలయిక ద్వారా సోకుతుంది కాబట్టి భాగస్వామికీ, పిల్లలకూ, తోబుట్టువులకూ పరీక్ష చేయించి, లేనివారికి టీకా వేయించండి. ఈ జబ్బుందని కోడలిని పుట్టింటికి పంపేయడం అన్యాయం. ఆమె గర్భవతి అయితే మొదటే డాక్టరుకు చెప్పండి. బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపు టీకా, దానితోపాటు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ ఇప్పించాలి. తల్లిపాలు ఇవ్వవచ్చు.

పాత రిపోర్టులన్నీ ఒక కవరులో దాచి, వచ్చిన ప్రతిసారీ తెచ్చుకోండి. మీ కాలేయం నిలకడగా ఉందో, దెబ్బతింటోందో వాటిని పోల్చి చూస్తేనే తెలుస్తుంది.