సిప్పీఘాట్ చిత్తడి నేలల్లో వలస పక్షుల తిరుగు ప్రయాణం: ఏమి చూడాలి, ఎప్పుడు చూడాలి

శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్): ఐరోపాలోనో, ఉత్తర అమెరికాలోనో వసంతారంభంలో చిత్తడి నేలల వెంట నడిచేవారు దక్షిణాది నుంచి తిరిగి వచ్చే పక్షుల కోసం ఎదురుచూస్తారు. అండమాన్‌లో ఆ ప్రయాణపు మొదటి అంకం కనిపిస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఇక్కడికి చేరి చలికాలమంతా బురద నేలల్లో మేత మేసిన పక్షులు, మాఘం ముగిసి ఫాల్గుణం ప్రవేశించే రోజుల్లో రంగు మార్చుకుని, ఒళ్లు చేసి, ఉత్తరాదికి పయనమవుతాయి. నగరంలోని గోల్ ఘర్ నుంచి గరాచర్మా మీదుగా పదిహేను కిలోమీటర్ల లోపు ప్రయాణిస్తే వచ్చే సిప్పీఘాట్ ఈ మార్పును గమనించడానికి ద్వీపాలలోని అనువైన చోట్లలో ఒకటి. రహదారి పక్కన నిలబడే చాలా జాతులను చూడవచ్చు.

సతతహరిత అరణ్యాలు గల ఈ ద్వీపాలలో ఆకు రాలడం, చిగురు తొడగడం తెలుగు నేలపై కనిపించినంత స్పష్టంగా కనిపించవు. మామిడి పూత, కోయిల కూత లేవని కాదు. కానీ రుతువు మారిందనడానికి ఇక్కడ మరింత నమ్మదగిన గుర్తు బురదలో నడిచే ఒక చిన్న పక్షి రొమ్ముపై మొలిచే నల్లని ఈకలు.

రెండు దశాబ్దాల వయసున్న చిత్తడి నేల

సిప్పీఘాట్ ప్రాంతం అనాదిగా చిత్తడి నేల కాదు. 2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా తీరానికి సమీపంలో మొదలైన మహా భూకంపం అండమాన్ దాకా నేల పలకను చీల్చుకుంటూ సాగింది. దాంతో పశ్చిమాన ఉన్న భాగం పైకి లేచింది, తూర్పున ఉన్న భాగం కుంగింది. ఉత్తర అండమాన్ పశ్చిమ తీరంలో పగడపు దిబ్బలు నీటిపైకి తేలి ఎండిపోగా, దక్షిణ అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ పరిసరాలు సుమారు ఒక మీటరు మేర దిగిపోయాయి. సునామీ అలలు వెనక్కి మళ్లాయి కానీ కుంగిన నేల తిరిగి లేవలేదు. ఫలితంగా సముద్రపు పోటు రోజుకు రెండుసార్లు వరి పొలాల్లోకి, తోటల్లోకి రావడం మొదలైంది. ఉప్పునీరు నిలిచిన చోట కొబ్బరి చెట్లు మోడులయ్యాయి. కాలక్రమేణా ఆ నేలలో మడ మొక్కలు, రెల్లు పెరిగాయి. బురదలో పురుగులు, పీతలు, నత్తలు చేరాయి. వాటి వెంట పక్షులు వచ్చాయి.

కాబట్టి సిప్పీఘాట్ అందాన్ని గురించి మాట్లాడేటప్పుడు అది కొందరు రైతులు పోగొట్టుకున్న భూమి అని గుర్తుంచుకోవడం అవసరం. పక్షి ప్రేమికుల కథనాలలో ఈ సంగతి తరచు ఒక్క వాక్యంతో తేలిపోతుంది. ఈ నేల భవిష్యత్తు గురించిన చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఎక్కడి నుంచి ఎక్కడికి

వలస పక్షులు వాడే ఆకాశ మార్గాలను శాస్త్రవేత్తలు స్థూలంగా కొన్ని దారులుగా విభజించారు. భారతదేశంలో అధిక భాగం మధ్య ఆసియా మార్గంలో ఉంది. సైబీరియా నుంచి చైనా, కొరియా తీరాల మీదుగా ఆస్ట్రేలియా వరకు సాగేది తూర్పు ఆసియా - ఆస్ట్రేలియా మార్గం. అండమాన్ నికోబార్ ద్వీపాలు ఈ రెండూ కలిసే అంచున ఉన్నాయి. అందువల్ల కోరింగ మడ అడవుల్లోనూ, పులికాట్‌లోనూ మనకు పరిచయమైన జాతులతో పాటు, తెలుగు తీరంలో అరుదుగా కనిపించే తూర్పు జాతులు కూడా ఇక్కడ కనిపిస్తాయి.

ఈ సందర్భంలో ఒక అపోహను ప్రస్తావించాలి. అండమాన్‌లో స్థిరపడిన తెలుగువారిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊరి చెట్లపై గూళ్లు కట్టే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను అక్కడివారు ఊరికి శుభంగా భావించి కాపాడుకుంటారు. వాటిని ‘సైబీరియా పక్షులు’ అని పిలవడం పరిపాటి. నిజానికి ఆ రెండు జాతులూ దక్షిణాసియాకు, దాని చుట్టుపక్కల దేశాలకు చెందినవే. వాటి పుట్టిల్లు మన ఊరి చింతచెట్టే. గూళ్లు పెట్టిన చోటే పక్షికి పుట్టిల్లు అనుకుంటే, సైబీరియా నుంచి వచ్చే అసలైన అతిథులు మరెవరో. గుప్పెడంత శరీరంతో, మట్టి రంగులో, బురదలో ఉందో లేదో తెలియకుండా తిరిగే ఉల్లంకి పిట్టలే ఆ అతిథులలో అధికం. వాటికి ఊరేగింపులు లేవు, చాలావాటికి మన భాషలో విడివిడిగా వాడుక పేర్లు కూడా లేవు.

రంగు మారే వారాలు

చలికాలంలో ఈ తీరపక్షులను గుర్తించడం అనుభవజ్ఞులకే కష్టం. దాదాపు అన్నీ పైన గోధుమ లేదా బూడిద రంగులో, కింద తెల్లగా ఉంటాయి. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ వరకు మాత్రం పరిస్థితి మారుతుంది. గూడు కట్టే కాలానికి కావలసిన ఈకలు ఒక్కొక్కటిగా మొలుస్తాయి. ఒకే గుంపులో కొన్ని పూర్తిగా రంగు తిరిగి, కొన్ని సగం మారి, కొన్ని ఇంకా చలికాలపు ఈకలతోనే కనిపిస్తాయి. కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకు మించిన తరుణం లేదు.

పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. చలికాలంలో ఇది పసుపు చుక్కలు చల్లిన గోధుమ రంగు పక్షి. గడ్డి మైదానాలలో, ఎండిన పొలాలలో నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగడం దీని అలవాటు. మార్చిలో దీని రొమ్ముపై మసి పూసినట్లు నల్లని మచ్చలు మొదలవుతాయి. ఏప్రిల్ నాటికి ముఖం నుంచి పొట్ట వరకు నల్లగా మారి, నుదుటి నుంచి మెడ పక్కలకు తెల్లని అంచు జారుతుంది. వీపు బంగారు రేకులు పొదిగినట్లు మెరుస్తుంది. సైబీరియా, పశ్చిమ అలాస్కాల టండ్రా నేలలో ఇది గూడు పెడుతుంది. ఇదే జాతికి చెందిన పక్షులు అలాస్కా నుంచి హవాయి వరకు, మధ్యలో వాలడానికి నేల లేని సముద్రంపై, మూడు నాలుగు రోజులు ఆగకుండా ఎగురుతాయి.

కర్లూ శాండ్‌పైపర్‌ను కొద్దిగా కిందికి వంగిన పొడవాటి ముక్కును బట్టి గుర్తించవచ్చు. బూడిద రంగు పిట్ట వసంతంలో ఇటుక ఎరుపుకు మారుతుంది. రష్యా ఉత్తర కొసన, ఆర్కిటిక్ తీరంలో గుడ్లు పెట్టే ఈ పక్షికి ఇక్కడి నుంచి సుమారు 7,000 కిలోమీటర్ల ప్రయాణం ఉంటుంది. శాండ్ ప్లోవర్లకు రొమ్ముపై కెంపు రంగు పట్టీ, కళ్ల మీదుగా నల్లని ముసుగు వస్తాయి. లెస్సర్ శాండ్ ప్లోవర్ అని ఇన్నాళ్లూ ఒకే జాతిగా పరిగణించిన దానిని ఇటీవల శాస్త్రవేత్తలు సైబీరియా, టిబెట్ పేర్లతో రెండు జాతులుగా విభజించారు. వాటిని వేరుగా గుర్తించాలన్నా వసంతకాలపు ఈకలే ఎక్కువ సహకరిస్తాయి.

తెలుగువారికి బాగా తెలిసిన గుడ్డికొంగ విషయంలో ఈ కాలం మరో చిక్కుముడిని విప్పుతుంది. అండమాన్‌కు చైనా గుడ్డికొంగలు చలికాలపు అతిథులుగా వస్తాయి. చలికాలపు ఈకలలో దీనికీ, మన చెరువు గట్టున కనిపించే గుడ్డికొంగకూ తేడా చెప్పడం దాదాపు అసాధ్యం. మార్చి, ఏప్రిల్ నెలల్లో చైనా జాతి తల, మెడ ముదురు దానిమ్మ గింజ రంగుకు తిరుగుతాయి. మన జాతి మెడ లేత గోధుమ రంగులో ఉండి వీపు మాత్రమే ఎర్రబారుతుంది. నాలుగు నెలలుగా ‘గుడ్డికొంగ’ అని మాత్రమే రాసుకున్న పుస్తకంలో ఆ వారంలో జాతి పేరు నింపుకోవచ్చు.

రెడ్‌షాంక్, గ్రీన్‌షాంక్, సూది వంటి ముక్కు గల మార్ష్ శాండ్‌పైపర్, తోక ఆడిస్తూ నడిచే కామన్ శాండ్‌పైపర్, వంకర ముక్కు విమ్‌బ్రెల్ కూడా ఇక్కడ కనిపించేవే. వాటి మార్పు ఇంత నాటకీయంగా ఉండదు.

అన్ని పక్షులూ వెళ్లిపోయేవి కావన్నది మరువరాదు. కంటి చుట్టూ తెల్లని వలయం గల ముదురు గోధుమ రంగు అండమాన్ టీల్ బాతు ఈ ద్వీప సముదాయంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా స్థిరనివాసం ఉండదు. సునామీ తర్వాత ఏర్పడిన చిత్తడి నేలలు దానికి కూడా ఆశ్రయమిచ్చాయి. వలస పక్షుల కోసం వెళ్లినవారు దీనిని మామూలు బాతు అనుకుని దాటిపోవడం కద్దు.

పక్షికి కాలం ఎలా తెలుస్తుంది

పోర్ట్ బ్లెయిర్ భూమధ్యరేఖకు ఉత్తరాన దాదాపు 11.6 డిగ్రీల వద్ద ఉంది. ఏడాదిలో అతి దీర్ఘమైన పగటికీ, అతి చిన్న పగటికీ మధ్య తేడా గంటన్నర కూడా ఉండదు. ఉష్ణోగ్రత అంతకంటే తక్కువగా మారుతుంది. ఆర్కిటిక్‌లో మంచు కరిగే వేళను ఇక్కడి నుంచి పక్షి ఎలా పసిగడుతుంది? దాని శరీరంలోనే సుమారు ఏడాది నిడివి గల ఒక గడియారం నడుస్తుందని ప్రయోగాలు తేల్చాయి. నెలల తరబడి ఒకే నిడివి వెలుతురులో ఉంచిన పక్షులు కూడా దాదాపు సరైన కాలానికే ఈకలు మార్చి, ఒళ్లు చేసి, రాత్రివేళ ఎగరాలని తహతహలాడాయి. పగటి నిడివిలో వచ్చే స్వల్ప తేడా ఆ గడియారాన్ని సరిచేయడానికి ఉపయోగపడుతుంది.

ప్రయాణానికి ఇంధనం కొవ్వు. బయలుదేరే నాటికి కొన్ని జాతుల బరువు మామూలుకు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. నాట్ వంటి పక్షుల్లో మేత కాలంలో పెరిగిన జీర్ణావయవాలు ప్రయాణానికి ముందు కుంచించుకుపోతాయి. అనవసరపు బరువు మోయడం ఎందుకన్నట్లు. ఈ నెలలలో మేతకు అంతరాయం కలిగితే నష్టం ఎక్కువ కావడానికి కారణం ఇదే. కుక్క తరిమినప్పుడో, డ్రోన్ తలపై తిరిగినప్పుడో లేచిన గుంపు ఆ ఎగురుడుకు కొంత కొవ్వును ఖర్చు చేస్తుంది. ఫొటో కోసం పక్షులను కావాలని లేపడం చిన్న తప్పేమీ కాదు.

గడియారం కంటే పోటు ముఖ్యం

దేశమంతటా ఒకే ప్రామాణిక సమయం కావడంతో, తూర్పున ఉన్న అండమాన్‌లో మార్చి మొదట్లో సూర్యోదయం ఐదున్నర ప్రాంతానికే అవుతుంది. ఆరు గంటలకు బయలుదేరితే మంచి వెలుతురు ఉంటుంది. అయితే తీరపక్షుల దినచర్యను సూర్యుడి కంటే సముద్రమే నిర్ణయిస్తుంది. నీరు పూర్తిగా దిగినప్పుడు అవి దూరపు బురదలోకి చెదిరిపోతాయి. పోటు ఎక్కేకొద్దీ రహదారి వైపు, గట్ల వైపు జరుగుతాయి. పోటు పతాక స్థాయికి ముందు గంట, తర్వాత గంట చూడటానికి మంచివి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది కాబట్టి బయలుదేరేముందు పోటు పట్టిక చూసుకోవాలి.

ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే బైనాక్యులర్, ఒక నోటు పుస్తకం చాలు. రహదారి మీద, గట్ల మీద నుంచే చూడాలి. అండమాన్ వాగుల్లో, మడ అడవుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. ఎంత నిస్సారంగా కనిపించినా నీటి అంచుకు దిగరాదు.

లెక్క ఎందుకు కావాలి

2024 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య తన ఎర్ర జాబితాను సవరిస్తూ 16 వలస తీరపక్షి జాతులను మునుపటి కంటే ఎక్కువ ముప్పు ఉన్న వర్గాల్లోకి మార్చింది. పైన చెప్పిన కర్లూ శాండ్‌పైపర్ వాటిలో ఒకటి. తూర్పు ఆసియా మార్గంలో ప్రధాన విడిది అయిన పసుపు సముద్రపు బురద మేటలను దశాబ్దాలుగా పూడ్చి పరిశ్రమలకు, ఓడరేవులకు మళ్లించడం క్షీణతకు పెద్ద కారణంగా గుర్తించారు. ఆ తీరంలో మిగిలిన కొన్ని భాగాలు 2019లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. దారి పొడవునా ఉన్న విడిదులు ఒక గొలుసు లాంటివి కనుక, అక్కడ కాపాడినంత మాత్రాన సరిపోదు.

సిప్పీఘాట్ వంటి నేల ఈ గొలుసులో ఎంత ముఖ్యమో చెప్పాలంటే అంకెలు కావాలి. ఆసియా నీటి పక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. జనవరి లెక్క చలికాలమంతా ఉండే పక్షులను పట్టుకుంటుంది. మార్చి, ఏప్రిల్‌లో మరింత దక్షిణం నుంచి వచ్చి నాలుగు రోజులు మేసి వెళ్లే పక్షులు అందులోకి రావు. ఫిబ్రవరి మధ్యలో జరిగే పెరటి పక్షుల గణనకు కూడా అవి అందవు. ఈ ఖాళీని పూరించగలిగినవారు స్థానికులే. వారానికి ఒకసారి, ఒకే చోట, ఒకే పోటు దశలో నిలబడి జాతులను, సంఖ్యను, ఎన్నింటికి రంగు తిరిగిందన్న వివరాన్ని రాసి ఈ-బర్డ్ వంటి వేదికలో నమోదు చేస్తే అది పరిశోధకులకు పనికివచ్చే సమాచారం అవుతుంది. అరుదైన పక్షి ఫొటో ఒకటి తీయడం కంటే ఇది విలువైన పని.

చట్టం దృష్టిలో ఈ నేల స్థితి సులువైనది కాదు. 2017 నాటి చిత్తడి నేలల నియమాలు వరి పొలాలను తమ నిర్వచనం నుంచి మినహాయించాయి. తీరప్రాంత నియంత్రణ పరిధిలోని భూములకు వేరే నిబంధనలున్నాయి. భూకంపం వల్ల ఒక్క రోజులో వరి పొలం చిత్తడి నేలగా మారితే దానిని ఏ పేరుతో పిలవాలి? గట్టు వేసి, మట్టి నింపి నేలను తిరిగి సాగులోకి తెచ్చుకోవాలనుకునే రైతు కోరిక న్యాయమైనదే. పక్షుల కోసం ఆ భూమి అలాగే ఉండాలని సమాజం కోరుకుంటే, దాని వెల ఒక్క రైతే చెల్లించాలనడం సమంజసం కాదు. భూమికి తగిన ప్రతిఫలం గురించి మాట్లాడని పరిరక్షణ ప్రణాళిక ఇక్కడ నిలవడం కష్టం.

ఏప్రిల్ చివరికి బురద మేటలు పలచబడతాయి. మే నెలలో నైరుతి రుతుపవనాలు ద్వీపాలను తాకే వేళకు పెద్ద పక్షులు దాదాపు అన్నీ వెళ్లిపోయి ఉంటాయి. కొన్ని విమ్‌బ్రెల్‌లు, ప్లోవర్లు మాత్రం రంగు మారకుండానే మిగులుతాయి. అవి దారి తప్పినవో, జబ్బుపడినవో అనుకోనక్కరలేదు. నిరుడు పుట్టిన పిల్లలు గూడు కట్టే వయసు రాక తొలి వేసవిని ఇక్కడే గడుపుతాయి. ఆగస్టులో మొదటి గుంపులు మళ్లీ దిగుతాయి. ముందుగా వచ్చే పెద్ద గోల్డెన్ ప్లోవర్ల రొమ్ములపై ఆర్కిటిక్ వేసవి నాటి నలుపు వెలిసిపోతూ, చుక్కలు చుక్కలుగా ఇంకా కనిపిస్తూ ఉంటుంది.