‘పోరని తీరు మారింది’ అన్న ఇంట్లో ఏం మాట్లాడాలి?

నిజాంపేట చుట్టుపక్కల మాల, మాదిగ వాడల్లో తల్లులు ఈ సంగతిని ఒక్కసారిగా బయటపెట్టరు. ‘మా పోరని తీరు మారింది సారూ’ అని ఆగిపోతరు. పద్నాలుగేళ్ల కొడుకు చెల్లె గాజులు తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడనో, బిడ్డ జడ కత్తిరించుకుని ‘నన్ను ఆడపిల్ల లెక్క పిలవకుండ్రి’ అన్నదనో తర్వాత మెల్లగా చెప్తరు. అప్పటికే తండ్రి చెయ్యి చేసుకుని ఉంటాడు. మేము రాస్తున్నది ఆ దెబ్బ గురించి, దాని వెనకున్న భయం గురించి.

ఇది పట్నంలో తిన్నదరగనోళ్ల ముచ్చట అనేవాళ్లు మన సంఘాల్లోనూ ఉన్నారు. లివింగ్ స్మైల్ విద్య జీవితం ముందు ఆ మాట నిలవదు. తమిళనాడులో ఒక అరుంధతీయ ఇంట్లో ఆమె కొడుకుగా పుట్టింది. తోలు పనికి, పాకీ పనికి నెట్టబడిన కులం అది. వాళ్లలో చాలామంది ఇంటి భాష తెలుగే. కొడుకు చదివి కలెక్టర్ కావాలని తండ్రి ఆశ. క్లాసులో ఫస్టు రాకపోతే దెబ్బలు. తాను ఆడపిల్లనని లోపల తెలుస్తున్నా చెప్పుకునే చోటు ఆ ఇంట్లో లేదు. భాషాశాస్త్రంలో ఎం.ఏ. చేసిన మనిషి పూణె పోయి రైళ్లలో చెయ్యి చాచింది. హిజ్రాలు ‘నిర్వాణం’ అనే ఆపరేషన్ కోసం వచ్చింది మన కడపకే. ఇదంతా 2007లో తన ఆత్మకథలో ఆమే రాసుకుంది.

ఆ తండ్రిని దుర్మార్గుడని తీసిపారేయడం తేలిక. మాకు అది చేతకాదు. మొదటి తరం చదువు అడుగుపెట్టిన ఇంట్లో కొడుకంటే ఒక్క మనిషి కాదు. అప్పు తీర్చేటోడు, చెల్లె పెండ్లి చేసేటోడు, దొర ముందు అయ్య తలెత్తేలా చేసేటోడు. వాడు ‘నేను మగపిల్లగాణ్ణి కాను’ అంటే అయ్యకు అవేవీ ఇక లేవన్నట్టే వినపడుతుంది. కులం పేరున పడే తిట్లు ఎట్లాగూ ఉన్నయి, ఇంకో తిట్టు నెత్తిన ఎందుకని అవ్వ ఏడుస్తుంది. భయం నిజమే. కానీ ఆ భయంతో కొట్టిన దెబ్బే పిల్లల్ని రైలెక్కిస్తున్నది. ఏ చదువు కోసం కొట్టారో ముందు పోయేది ఆ చదువే.

పోలీసుల భయమూ ఊరికే పుట్టలేదు. నిజాం సర్కారు 1919లో, అంటే 1329 ఫసలీలో, హిజ్రాల మీద ఒక చట్టం చేసింది. ఆడవేషంలో బజార్లో కనపడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. పదహారేళ్లలోపు మగపిల్లవాణ్ణి ఇంట్లో ఉంచుకున్నా జైలే. మెదక్ కూడా ఆ ఏలుబడిలోదే. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జూలైలో. నూరేళ్లు దాటింది.

కొందరు పెద్దమనుషులు చెప్పే ఇంకో దారి ఉంది: ఎల్లమ్మకు ఇచ్చేయమని. జాతరలో చీర కట్టి శివమూగే మగవాళ్లను ఊరు మొక్కుతుంది, పసుపు అడుగుతుంది. తెల్లారి ఇంట్లోకి రానియ్యదు. శివసత్తులను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ ఇంటికి బరువైన పిల్లను దేవునికి అప్పజెప్పే ఆచారం ఎవరి వాడల్లో నడిచిందో జోగినుల చరిత్ర తెలిసిన మనకు వేరే చెప్పాలా? 1988లో దానిమీద చట్టమే చేయాల్సి వచ్చింది.

మరి తల్లిదండ్రులు చేయగలిగిందేమిటి? మొదటిది, తొందరపడకపోవడం. ఈ వయసులో వెతుకులాట ఉంటుంది. కొందరు కొన్నాళ్లకు వేరే తీరుగా కుదురుకుంటారు, కొందరికి అదే జీవితాంతపు నిజం. ఏదన్నది ఇయ్యాల్నే తేల్చాలని అయ్యకు గానీ సారుకు గానీ హక్కు లేదు. ‘నీకు ఎప్పటినుంచి ఇట్ల అనిపిస్తున్నది? నిన్ను ఏమని పిలవాలె?’ అని అడిగి, జవాబు చెప్పేదాకా ఊకుంటే చాలు. బట్టలో జుట్టో మార్చుకుంటే కొంప మునగదు. ఆడపిల్లగా పుట్టి మగవాణ్ణంటున్న బిడ్డకు ‘పెండ్లయితే సక్కగైతది’ అని పదహారేళ్లకే సంబంధం చూడటం మాత్రం నేరం, ఘోరం కూడా.

భూతవైద్యుని దగ్గరికి పోవద్దు. ‘మార్చేస్తా’నన్న డాక్టరు దగ్గరికీ పోవద్దు. అట్లాంటి వైద్యం వృత్తిపరమైన తప్పు అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఇది మానసిక రోగం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన కొత్త రోగాల జాబితాలో ఒప్పుకుంది. ఆ జాబితా 2022లో అమలుకొచ్చింది. పిల్ల తిండి మానేసినా, చస్తానన్నా అప్పుడు నిజంగా వైద్యం కావాలి. టెలి మానస్ నెంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ట్రాన్స్‌జెండర్ మనిషిని ఇల్లు విడిచిపోయేలా చేయడాన్ని 2019 కేంద్ర చట్టం శిక్షార్హం చేసిందని కూడా తండ్రులకు చెప్పాలి, బెదిరించినట్టు కాకుండా.

మన పిల్లల సంగతిలో అసలు చిక్కు హాస్టల్. ఈ వయసులో మన పిల్లలు ఎక్కువగా ఉండేది గురుకులాల్లో, బాలురకు వేరు, బాలికలకు వేరు. పడకా స్నానమూ అందరితోనే. తమిళనాడు దళిత ట్రాన్స్ కార్యకర్త గ్రేస్ బానును బడిలో అందరికన్న ఆలస్యంగా రమ్మన్నారు, ముందుగా పొమ్మన్నారు, పిల్లల్ని ఆమెతో మాట్లాడొద్దన్నారు. ఆమే చెప్పుకున్న సంగతి ఇది. ఆ పద్ధతి మనకు కొత్తదా? తల్లిదండ్రులు నెలకోసారి ములాఖత్‌కు పోయినప్పుడు మార్కులొక్కటే కాదు, రాత్రి ఎవరి పక్కన పడుకుంటున్నవు, ఎవరన్నా ఏడిపిస్తున్నరా అని అడగాలి. వార్డెన్‌కు చెప్పాలా వద్దా అన్నది పిల్లనే అడిగి, ఒప్పుకుంటేనే చెప్పాలి. టీచర్లకైనా అంతే. పిల్ల నమ్మి చెప్పిన మాట స్టాఫ్ రూములో చాయ్ దగ్గర నవ్వులాటగా తేలితే, ఆ పిల్ల మళ్లీ సెలవులకు ఇంటికిపోయి తిరిగి రాదు.