మీకు తెలుసా? ముప్ఫై ఎనిమిదేళ్లకే అరవై ఒకటి!

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను పరిశోధకులు చిన్నప్పటి నుంచీ విడవకుండా పరీక్షిస్తున్నారు. వాళ్లకు 38 ఏళ్లు వచ్చినప్పుడు బీపీ, కొలెస్ట్రాల్, మూత్రపిండాలు, కాలేయం, ఊపిరితిత్తుల పనితీరు చూసి ఒంటి వయసు లెక్కగట్టారు. 2015లో ఆ లెక్కలు బయటికొచ్చాయి. కొందరి ఒళ్లు 28 దగ్గరే ఆగితే, కొందరిది 61 దాకా పోయింది! ఏ పరీక్షల సంగతీ తెలియని కాలేజీ విద్యార్థులకు ఫొటోలు చూపిస్తే, ఒళ్లు ముదిరినవాళ్లనే వాళ్లూ పెద్దవాళ్లన్నారు. మన పెద్దమ్మలు పెళ్లిచూపుల్లో చేసే పని ఇదేగా!

ఒంటి వయసును డీఎన్ఏలోనూ చదవొచ్చు. వయసుతోపాటు డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు కొన్నిచోట్ల చేరుతుంటాయి, కొన్నిచోట్ల రాలిపోతుంటాయి. శాస్త్రవేత్త స్టీవ్ హోర్వాత్ 2013లో అలాంటి 353 చోట్లు ఏరి వయసు చెప్పే గడియారం తయారుచేశారు. పొగ తాగేవాళ్లలో ఈ గుర్తులు బాగా చెదిరిపోతాయి. జన్యువులు మాత్రం పుట్టినప్పటివే.

ఇప్పుడు ఇలాంటి పరీక్షల కిట్లు అమ్ముతున్నారు, ఖరీదెక్కువే. పైగా ఒకే మనిషికి ఒక్కో గడియారం ఒక్కో వయసు చెబుతుంది. నన్నడిగితే ఆ డబ్బులో కొంత బీపీ మిషన్‌కు పెట్టడం మేలు. ఒంటి వయసు చెప్పే, 2018లో వచ్చిన మరో లెక్కకైతే పుట్టినరోజుతో పాటు తొమ్మిది రక్తపరీక్షల ఫలితాలు చాలు. షుగర్, క్రియాటినిన్, అల్బుమిన్, తెల్లరక్తకణాల సంఖ్య... సగం మీ పాత ల్యాబ్ రిపోర్టులోనే ఉంటాయి, బీరువాలో చీరల కింద.