అమ్మ గొంతు ఎక్కడికీ పోలేదు



మీ ఇంట్లో పాత పెళ్లి క్యాసెట్టు ఉందా? అటక మీదో, ట్రంకు పెట్టెలోనో ఉండే ఉంటుంది.

మన చదువు కేంద్రానికి వచ్చే ఒక అక్క దగ్గర అలాంటిదే ఉంది. ఆమె పెళ్లి 1996లో అయింది. పెళ్లిలో వాళ్లమ్మ అప్పగింతల పాట పాడింది. ఆ తల్లి ఇప్పుడు లేదు. ఆమె గొంతు ఆ క్యాసెట్టులో తప్ప ఇంకెక్కడా లేదు.

అక్క ఆ క్యాసెట్టును టౌనులో ఒక షాపులో ఇచ్చింది. వాళ్లు కంప్యూటరులోకి ఎక్కించి, పెన్‌డ్రైవులో వేసి ఇచ్చారు. ఇంటికి వచ్చి టీవీలో పెట్టి చూసింది. బొమ్మ బాగానే ఉంది. అమ్మ పెదవులు కదులుతున్నాయి. పాట మాత్రం లేదు. ఫ్యాను గరగర, మధ్యలో స్కూటరు హారను వినిపించాయి.

షాపులో అడిగితే, "క్యాసెట్టు పాతదమ్మా, సౌండు పోయింది" అన్నారు.

అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. "నిజంగా పోయిందా టీచరమ్మా?" అని అడిగింది.

"పోయిందో లేదో చూద్దాం అక్కా" అన్నాను.

బొమ్మ దారి వేరు, మాట దారి వేరు

వీడియో క్యాసెట్టులో అర అంగుళం వెడల్పు టేపు ఉంటుంది. బొమ్మ దాని మీద ఏటవాలు గీతలుగా ఎక్కుతుంది. మాట టేపు అంచున సన్నని గీతగా ఎక్కుతుంది. క్యాసెట్టు ఆడించే వీసీఆర్ నుంచి కూడా రెండూ వేరు వేరు వైర్లలో బయటికి వస్తాయి. అందుకే ఒకటి వచ్చి, రెండోది రాకపోవచ్చు.

చేనుకి నీళ్లు రాకపోతే చెరువు ఎండిందని ఊరుకుంటామా? ముందు తూము దగ్గర చూస్తాం. తర్వాత కాలువ వెంట నడుస్తాం. ఇక్కడా అంతే.

1. ముందు టీవీలో వినండి. వీసీఆర్‌ను నేరుగా టీవీకి తగిలించండి. మాట వినిపిస్తే క్యాసెట్టు బాగున్నట్టే. తప్పు ఆ తర్వాత ఎక్కడో ఉంది. గొంతు మూగగా, బొంగురుగా వస్తే వీసీఆర్‌లో హెడ్డు మురికి పట్టి ఉండవచ్చు. తెలిసినవారి చేత తుడిపించండి.

2. వైర్లు చూడండి. పసుపు వైరు బొమ్మకి. తెలుపు, ఎరుపు వైర్లు మాటకి. ఇవి వీసీఆర్‌లో "ఔట్" అని రాసిన చోట ఉండాలి. "ఇన్" అన్న చోట పెడితే మాట బయటికి రాదు. కొన్ని పాత వీసీఆర్‌లకు మాట రంధ్రం ఒక్కటే ఉంటుంది. అప్పుడు తెలుపు వైరు పెట్టాలి. ఒక పక్కే వినిపిస్తే భయం లేదు. కంప్యూటరులో రెండు పక్కలకీ చేయవచ్చు.

3. కంప్యూటరు ఎక్కడ నుంచి వింటున్నదో చూడండి. వీసీఆర్‌కీ కంప్యూటరుకీ మధ్య ఒక చిన్న పెట్టె ఉంటుంది. దాన్ని క్యాప్చర్ కార్డు అంటారు. మాట దాని నుంచి తీసుకోమని కంప్యూటరుకి చెప్పాలి. చెప్పకపోతే కంప్యూటరు తన సొంత మైకుతో వింటుంది. అప్పుడు గదిలోని చప్పుడే ఎక్కుతుంది.

అక్క పెన్‌డ్రైవులో ఫ్యాను గరగర ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమైందా? అది పెళ్లి పందిట్లో ఫ్యాను కాదు. షాపులో ఫ్యాను!

మా వీధిలో ఒకరింట్లో పాత వీసీఆర్ ఉంది. టీవీకి తగిలించి చూశాం. సన్నాయి మోగింది. వెంటనే అదే షాపుకి వెళ్లి, "మైకు మార్చి క్యాప్చర్ కార్డు పెట్టండి" అని అక్కే చెప్పింది. మార్చారు. రెండు నిమిషాలు ఎక్కించి విన్నాం. బాగుంది. అప్పుడు మొత్తం ఎక్కించమన్నాం.

పాట దగ్గరికి వచ్చేసరికి అక్క మాట్లాడలేదు. అయ్యేదాకా విని, "మళ్లీ ఒకసారి పెట్టండి" అంది.

ఇవి గుర్తు పెట్టుకోండి

మూడు గంటల క్యాసెట్టు ఎక్కడానికి మూడు గంటలు పడుతుంది. అందుకే ముందు రెండు నిమిషాలు ఎక్కించి, విని చూడండి. డబ్బులు ఆ తర్వాతే ఇవ్వండి.

టేపు మీద తెల్లని బూజు ఉంటే వీసీఆర్‌లో పెట్టకండి. టేపు పాడవుతుంది. ఆ బూజు వేరే క్యాసెట్లకీ అంటుతుంది.

ఎక్కించాక రెండు చోట్ల దాచండి. పాత క్యాసెట్టు పారేయకండి.

ఆలస్యం చేయకండి. జపాన్‌లోని ఫునాయ్ కంపెనీ చివరిదాకా వీసీఆర్‌లు తయారు చేసింది. అదీ 2016లో ఆపేసింది. ఉన్న మిషన్లు ఒక్కొక్కటే మూలపడుతున్నాయి.

ఎవరైనా "సౌండు పోయింది" అంటే వెంటనే నమ్మకండి. "టీవీలో పెట్టి విన్నారా?" అని అడగండి.

చెప్పండి చూద్దాం

1. మాటకి ఏ రంగు వైర్లు పెట్టాలి?
2. అక్క పెన్‌డ్రైవులో ఫ్యాను చప్పుడు ఎందుకు వచ్చింది?
3. మీ ఇంటి క్యాసెట్టులో ఎవరి గొంతు ఉంది? వారి పేరు రాయండి.